అడివి బాపిరాజు: చరిత్రకు ముఖం గీసిన చిత్రకారుడు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:

• అడివి బాపిరాజు జీవితంలోని ముఖ్య ఘట్టాలను, ఆయన చిత్రకళా నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
• శాసనం ఇచ్చే సమాచారానికీ, కళాకారుడు కల్పించే రూపానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• చరిత్రను చూపే ఏ బొమ్మనైనా, నవలనైనా, సినిమానైనా మూడు ప్రశ్నలతో పరీక్షించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్తే, బిజినేపల్లి మండలంలో నంది వడ్డెమాను అనే ఊరు ఉంది. శనీశ్వరాలయం వల్ల ఈ ఊరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాకతీయుల కాలంలో దీని పేరు వర్ధమానపురం. ఇది గోన వంశీయుల రాజధాని. రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి ఈ వంశంవాడే. రుద్రమదేవి పక్షాన నిలిచిన సామంతుడు గోన గన్నారెడ్డిదీ ఈ వంశమే.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి విద్యార్థులను తీసుకొని నేను అక్కడికి వెళ్లాను. శిథిలాల మధ్య తిరుగుతుండగా ఒక అమ్మాయి అడిగింది: "సార్, గన్నారెడ్డి ఎట్లుండేటోడు?" నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒక అబ్బాయి, "అల్లు అర్జున్ లెక్కనే ఉంటడు" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో ఆ పాత్ర వేసింది ఆయనే కదా.

ఇంటికి వచ్చిన తరువాత ఆ జవాబు గురించి ఆలోచించాను. అబ్బాయి చెప్పింది తప్పు అనడం సులభం. ఒప్పు ఏదో చెప్పడమే కష్టం. శాసనాలు మనకు గన్నారెడ్డి పేరు ఇస్తాయి, వంశం ఇస్తాయి, అతని సేనలు గెలిచిన కోటల పేర్లు ఇస్తాయి. ముఖం మాత్రం ఇవ్వవు. ముఖం ఇచ్చే పని కళాకారులది. ఆ సినిమాకు దాదాపు 70 ఏళ్ల ముందే గన్నారెడ్డికి ఒక రూపాన్ని, ఒక నడకను, ఒక ప్రేమకథను ఇచ్చినవారు అడివి బాపిరాజు. ఆయన చిత్రకారుడు, పుస్తకాలకు బొమ్మలు వేసినవారు, చారిత్రక నవలాకారుడు. ఆయన జీవితాన్ని, కృషిని పరిచయం చేసుకుంటూ, చరిత్రకు రూపం కట్టడంలో కళాకారుడు ఏమి ఇస్తాడు, ఏమి వదిలేస్తాడు అనే ప్రశ్నను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. జీవితం, శిక్షణ

బాపిరాజు 1895 అక్టోబరు 8న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో చదువుకున్నారు. అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. ప్రతిభ గల విద్యార్థులను చేరదీసి, వారికి రంగులు, కుంచెలు ఇచ్చి ప్రోత్సహించిన అధ్యాపకుడు. ఆయన చుట్టూ చేరిన యువకులలో బాపిరాజుతోపాటు దామెర్ల రామారావు కూడా ఉన్నారు. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి వచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో 28 ఏళ్లు నిండకముందే మరణించారు.

బాపిరాజు తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు గాని వకీలుగా ఎక్కువకాలం నిలవలేదు. సహాయనిరాకరణోద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ వద్ద చిత్రకళను అభ్యసించారు. ఆ కళాశాలను 1910లో కోపల్లె హనుమంతరావు, ఆయన మిత్రులు జాతీయ విద్య కోసం స్థాపించారు. చటర్జీ బెంగాల్ నుంచి వచ్చిన చిత్రకారుడు. 1930లలో బాపిరాజు అదే కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.

ఆయన ఒకచోట, ఒకే పనిలో కుదురుగా ఉన్న మనిషి కాదు. 'అనసూయ' (1936), 'ధ్రువ విజయం' (1936), 'మీరాబాయి' (1940) చిత్రాలకు కళాదర్శకత్వం వహించారు. 1940లలో హైదరాబాదు చేరి 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు'కు బొమ్మలు వేశారు. 'సముద్రగుప్తుడు', 'తిక్కన', 'శబ్దబ్రహ్మ' ఆయన చిత్రాలలో పేరు పొందినవి. 'నారాయణరావు' నవలకు విశ్వనాథ 'వేయిపడగలు'తోపాటు ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి లభించింది. చారిత్రక నవలలలో 'హిమబిందు', 'అడవి శాంతిశ్రీ', 'గోన గన్నారెడ్డి' ముఖ్యమైనవి. 1952 సెప్టెంబరు 22న ఆయన మరణించారు.

3. ఆయన చూపు ఎక్కడి నుంచి వచ్చింది?

బాపిరాజు శిక్షణ పొందిన కాలంలో దేశంలో రెండు ధోరణులు ఎదురెదురుగా ఉన్నాయి. మొదటిది రాజా రవివర్మది. ఐరోపా పద్ధతిలో తైలవర్ణాలతో, వెలుగునీడలతో, మనుషులను ఉన్నది ఉన్నట్టు తోచేలా వేసి పురాణ పాత్రలను చూపడం దాని లక్షణం. రెండవది అవనీంద్రనాథ ఠాకూరుతో మొదలైన బెంగాల్ శైలి. నీటిరంగులను పలుచగా పూసి, నీటితో తడిపి, మళ్లీ పూసి, మంచుతెర లాంటి మెత్తదనం తేవడం దాని పద్ధతి. ఆ శైలి చిత్రకారులు ఐరోపా నమూనాను కాదని అజంతా గుహల వైపు, మొగలు, రాజపుత్ర సూక్ష్మచిత్రాల వైపు చూశారు. చటర్జీ ద్వారా బాపిరాజుకు అందింది ఈ రెండవ దారి.

దీనికి ఆయన తెలుగు నేలను జోడించారు. అమరావతి శిల్పాలు ఆయనకు దగ్గరివి. నాగార్జునకొండ అప్పుడే బయటపడింది. 1926లో ఆ లోయలోని శిథిలాలు గుర్తింపు పొందాయి. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అక్కడి స్తూపాలు, శాసనాలు వెలుగు చూశాయి. అంటే బాపిరాజు తరానికి ప్రాచీన చరిత్ర పుస్తకంలో చదివే విషయం మాత్రమే కాదు, అప్పుడే మట్టిలోంచి లేచి వస్తున్న వార్త.

ఆ నవలలు చదివితే చిత్రకారుడి చెయ్యి మీకు వెంటనే తెలుస్తుంది. ఒక పాత్ర గదిలోకి వస్తే కథ కాసేపు ఆగుతుంది. కొప్పు ఎలా ముడిచారు, ఏ నగ ఎక్కడ పెట్టారు, వస్త్రం ఏ రంగు, గోడ మీద ఏ బొమ్మ ఉంది అన్నీ చెప్పి గాని ఆయన ముందుకు కదలరు. కొందరు పాఠకులకు ఇది విసుగు. కానీ అది ఆయన ఆలోచించే పద్ధతి. ముందు బొమ్మ, తరువాత కథ.

4. శాసనం నుంచి పాత్ర దాకా

రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది 'అడవి శాంతిశ్రీ'. నాగార్జునకొండ ప్రాకృత శాసనాలలో ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీల పేర్లు కనిపిస్తాయి. మహాచైత్యానికి పోషకురాలైన చాంతిసిరి రాజు సోదరి. అడవి చాంతిసిరి రాజు కూతురు. చాంతిసిరి అంటే సంస్కృతంలో శాంతిశ్రీ. శాసనంలో ఉన్నది పేరు, బంధుత్వం, దానం మాత్రమే. ఆ కాస్త ఆధారం మీద బాపిరాజు ఒక స్త్రీ మనసును, ఒక నగరపు సందడిని కట్టారు. మరో విషయం గమనించండి. ఆయన మరణించిన మూడేళ్లకు, 1955 డిసెంబరులో, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కొన్నేళ్లకు ఆ లోయ నీట మునిగింది. ఎంపిక చేసిన కట్టడాలను, శిల్పాలను కొండపైకి తరలించారు. నల్లగొండ వైపు నుంచి పడవలో వెళ్లే ఈనాటి సందర్శకుడికి మిగిలింది మ్యూజియం. నగరం నీటి అడుగున ఉంది. అక్కడి వీధులలో నడిచిన అనుభూతి తెలుగు పాఠకుడికి దొరికే చోట్లలో ఆ నవల ఒకటి.

రెండవది 'గోన గన్నారెడ్డి'. నవలలో గన్నారెడ్డి మొదట గజదొంగగా కనిపిస్తాడు. పెళ్లి వేళ వరుణ్ణి ఎత్తుకుపోతాడు. నిజానికి అతను రుద్రమదేవికి మేలు కోరేవాడని తరువాత తెలుస్తుంది. ఆ పెళ్లికూతురు అన్నాంబిక, ఆదవోని ప్రభువు కుమార్తె. చివరకు ఆమె గన్నారెడ్డికి ఇల్లాలవుతుంది.

ఇప్పుడు శాసనం ఏమంటుందో చూడండి. 1294 నాటి రాయచూరు కోట శాసనం ప్రకారం గోన గన్నయ తరఫున విఠలుడు ఆదవాని, తుంబుల, మానువ, హాలువ కోటలను పట్టుకొని, రాయచూరులో ప్రవేశించి కోట కట్టించాడు. ఆదవాని అంటే ఆదోని.

శాసనంలో ఆదవాని యుద్ధంలో గెలిచిన కోట. నవలలో అది పెళ్లికూతురి పుట్టిల్లు. దండయాత్ర కల్యాణంగా మారింది. దీన్ని అబద్ధం అనకండి. చారిత్రక కల్పన చేసే పని ఇదే. కానీ ఆ మార్పు జరిగిందని తెలిసి చదవడం వేరు, తెలియక నమ్మడం వేరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బెంగాల్ శైలి లక్షణాలు రెండు రాయండి.
2. రాయచూరు శాసనంలోని ఆదవానికీ, నవలలోని ఆదవోనికీ తేడా ఏమిటి?

5. ఒక పోలిక: జర్మనీ చిత్రకారుడు మెంజెల్

గడిచిన కాలానికి ముఖం గీయడం అనే సమస్య మన ఒక్కరిదే కాదు. ఐరోపాలో దీన్ని ఎదుర్కొన్నవారిలో అడోల్ఫ్ మెంజెల్ (1815–1905) ముఖ్యుడు. బ్రెస్లావ్‌లో పుట్టి బెర్లిన్‌లో స్థిరపడ్డాడు. తండ్రికి రాతిముద్రణ పని. 1832లో తండ్రి చనిపోగా, 16 ఏళ్ల కుర్రవాడు ఆ పని మీదనే ఇంటిని నడిపాడు. పెద్ద కళాశాలలో చదివి ఎదిగినవాడు కాదు. చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ చదువుతున్న మీకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

ఫ్రాంజ్ కూగ్లర్ రాసిన ఫ్రెడరిక్ మహారాజు చరిత్రకు 1840–42 మధ్య మెంజెల్ సుమారు 400 బొమ్మలు వేశాడు. వాటిని చెక్క దిమ్మెల మీద చెక్కి అచ్చువేశారు. ఆ రాజు పాలించింది 1740–86 మధ్య. మెంజెల్ పుట్టేనాటికి ఆయన పోయి 29 ఏళ్లు దాటింది. అందుకని పాత యూనిఫారాలు, ఆయుధాలు, భవనాలు, నాటి చిత్తరువులు వెతికి వెతికి చూసి గీశాడు. బొత్తాం ఎక్కడ ఉండాలో కూడా సరిచూసుకున్నాడు. 1852లో పూర్తిచేసిన వర్ణచిత్రంలో కొవ్వొత్తుల వెలుగులో రాజు వేణువు ఊదుతుంటాడు.

ఇంత శ్రద్ధ ఉన్నా ఆయన చూపినది ఒక రాజు కథే. అయితే మెంజెల్ అక్కడ ఆగలేదు. 1872–75 మధ్య 'ఇనుప రేకుల కర్మాగారం' అనే పెద్ద చిత్రం వేశాడు. కాలిన ఇనుమును పట్టుకార్లతో లాగుతున్న కార్మికులు మధ్యలో ఉంటారు. ఒక పక్క పని ముగించి ఒళ్లు కడుక్కునేవారు, మరో మూల గిన్నెలోని తిండి తినేవారు కనిపిస్తారు. రాజు బొత్తాం మీద చూపిన శ్రద్ధే ఇక్కడ కార్మికుడి మోచేయి మీద చూపాడు.

6. రాయచూరు బండ మీది బొమ్మ

మళ్లీ మన వైపు వద్దాం. ఇందాక చెప్పిన రాయచూరు శాసనం కోటగోడలో పొదిగిన ఒకే బండ మీద ఉంది. దాని పొడవు 40 అడుగులకు పైనే. అంత బండ అక్కడికి ఎలా వచ్చింది? ఆ సంగతి కూడా అక్కడే రాతి మీద గీతలుగా చెక్కి ఉంది. గట్టి చక్రాల బండి, దాని మీద పొడవాటి బండ, ముందు బారుగా కట్టిన పశువులు, వాటిని అదిలించేవారు, వెనక చక్రాల కింద కర్రమీటలు వేసి తోసేవారు కనిపిస్తారు.

ఇది గన్నారెడ్డి కాలంలోనే, గన్నారెడ్డి కోట మీదనే వెలసిన చరిత్ర చిత్రం. చెక్కిన శిల్పి పేరు మనకు రాలేదు. అందులో రాజు లేడు, రాణి లేదు, పెళ్లి లేదు. ఉన్నది బరువు, దాన్ని కదిలించిన మనుషులు.

మన నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనాన్ని కూడా దీని పక్కన పెట్టండి. 1289 నవంబరు 27 తేదీ గల ఆ శాసనం రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివసాయుజ్యం కలగాలని చేసిన భూదానాన్ని చెబుతుంది. దానం చేసినవాడు బంటు పువ్వుల ముమ్మడి. రుద్రమదేవి మరణకాలాన్ని నిర్ణయించడానికి చరిత్రకారులు ఆధారపడే శాసనం ఒక బంటు వేయించినది.

7. విమర్శ: బలం, పరిమితి

ఇప్పుడు బాపిరాజు కృషిని తూచి చూద్దాం.

ఆయన బలం స్పష్టమే. తెలుగువారు అనేక పాలనల కింద చీలి ఉన్న కాలంలో, తమ గతం అంటే పేర్లు, తేదీల పట్టిక అనుకునే పాఠకులకు ఆ గతాన్ని కళ్లకు కట్టించారు. శాతవాహనులు, ఇక్ష్వాకులు, కాకతీయులు ఆయన చేతిలో ఊపిరి పోసుకున్నారు. గోదావరి తీరంలో పుట్టిన మనిషి వర్ధమానపురం వీరుణ్ణి కథానాయకుణ్ణి చేయడం చిన్న విషయం కాదు. పాలమూరు అంటే కరువు, వలస అని మాత్రమే వినిపించే లోకంలో ఈ నేలకూ ఒక వైభవం ఉందని ఆయన చూపారు. ఈ ఋణాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

పరిమితులు రెండు. మొదటిది, కాలాల మధ్య తేడా చెరిగిపోవడం. అజంతా, అమరావతి నుంచి నేర్చుకున్న అందమే ఆయనకు కొలమానం. అందువల్ల మూడవ శతాబ్ది స్త్రీకీ, పదమూడవ శతాబ్ది స్త్రీకీ ఒకే రకమైన సుకుమారం వచ్చి చేరుతుంది. మెంజెల్ బొత్తాం వెతికినట్టు బాపిరాజు వెతకలేదు. ఆయన వెతికింది భావం కోసం.

రెండవది ఇంకా ముఖ్యమైనది. ఆ వైభవాన్ని మోసిన చేతులు కథకు అంచున ఉండిపోతాయి. రాయచూరు బండను తోసినవారికి గన్నారెడ్డి కథలో దొరికే చోటు ఎంత? మీలో చాలామంది తాతలు, అవ్వలు మట్టి పనికి, రాతి పనికి ప్రాజెక్టుల దగ్గరికి పోయినవారే. దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర 'పాలమూరు లేబర్' అన్న మాట వినిపించింది. విజయపురిని ముంచిన నీటికి కట్టిన గోడ కూడా చేతి పనితో, రాతితో లేచినదే. రాతిని కదిలించేవారి వారసులు తమ చరిత్ర చిత్రంలో తమకే చోటు లేకపోతే అడగవద్దా?

ఇది నేటి కళ్లతో పాతవారిని తప్పుపట్టడం కాదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కానీ అదే కాలంలో, అదే హైదరాబాదులో మరో చూపు ఉంది. మన పాలమూరు బిడ్డ, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రచురించారు. ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాల నుంచి, శాసనాల నుంచి ఏరి కూర్చారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది. కాబట్టి సామాన్యుణ్ణి చూడడం ఆ తరానికి సాధ్యం కాని పని కాదు. బాపిరాజు ఎంచుకున్నది వేరే దారి.

అయినా ఒకరిని నిలబెట్టడానికి మరొకరిని పడగొట్టవలసిన పని లేదు. ప్రతాపరెడ్డి పుస్తకం చదివితే ఆ కాలపు కంచంలో ఏముందో తెలుస్తుంది. బాపిరాజు నవల చదివితే ఆ కాలం మీద ప్రేమ పుడుతుంది. ప్రేమ లేనివాడు వడ్డెమాను దాకా బస్సెక్కి వెళ్లడు. పరీక్షించడం రానివాడు వెళ్లినా చూడలేడు. మీకు రెండూ కావాలి.

8. సారాంశం

చరిత్రను చూపే బొమ్మ ఆధారం కాదు. ఆధారం మీద కట్టిన ఊహ. దాన్ని చదవడానికి మూడు ప్రశ్నలు గుర్తుంచుకోండి.

ఒకటి: ఇందులో ఆధారం ఏది?
రెండు: ఊహ ఎక్కడ మొదలైంది?
మూడు: ఎవరు మధ్యలో ఉన్నారు, ఎవరు అంచున మిగిలారు?

బాపిరాజు శాసనంలోని పేర్లకు రూపం, మనసు ఇచ్చారు. బెంగాల్ శైలి, అజంతా, అమరావతి ఆయన చూపును తీర్చిదిద్దాయి. ఆయన బలం రూపకల్పన. ఆయన పరిమితి కాలభేదాన్ని, శ్రమజీవులను తగినంత చూపకపోవడం. మెంజెల్ రాజు నుంచి కార్మికుడి దాకా నడిచాడు. రాయచూరు శిల్పి మొదటి నుంచి అక్కడే నిలబడ్డాడు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు. గన్నారెడ్డి ఎట్లుండేటోడో చెప్పలేనమ్మా. అతని కోటకు రాయి మోసినవాళ్లు ఎట్లున్నరో చూడాలంటే మాత్రం రాయచూరు పోదాం.

9. నమూనా ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
బాపిరాజు చిత్రకళా నేపథ్యం ఆయన చారిత్రక నవలలపై చూపిన ప్రభావాన్ని వివరించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. మెంజెల్, బాపిరాజుల దృష్టిలోని తేడాను తెలపండి.
2. చందుపట్ల శాసన ప్రాధాన్యం ఏమిటి?

ఇ) చేసి చూడండి.
మీ ఊళ్లోని గుడి, బురుజు, చెరువు కట్ట లేదా వీరగల్లు ఒకటి ఎంచుకోండి. దాని గురించి పెద్దలు చెప్పే కథను రాసుకోండి. అక్కడ శాసనం గాని, శిల్పం గాని ఉంటే అది చూపేదాన్ని విడిగా రాయండి. పై మూడు ప్రశ్నలు వేసి, రెండింటి మధ్య తేడాను ఒక పేజీలో తెలపండి. సమాధానం మీదే కావాలి. గైడ్లలో ఇది దొరకదు.